మడిచేదొకటి, మోటారుదొకటి

మా ఇంట్లో రెండు సైకిళ్లున్నాయి. ఒకటి 20 అంగుళాల చక్రాలు, ఏడు గేర్లు ఉన్న మడత సైకిలు. ఆఫీసు రోజుల్లో అది నాతోపాటు మెట్రో ఎక్కుతుంది. రెండోది వెనక చక్రంలో మోటారు ఉన్న బ్యాటరీ సైకిలు. దాన్ని ఎక్కువగా నాన్నగారు వాడతారు, కూరగాయలకూ బ్యాంకు పనులకూ మా ఆవిడా నేనూ తీస్తుంటాం. ఇంటికి వచ్చిన వారిలో చాలామంది ఈ రెండింటినీ చూసి ఒకే మాట అడుగుతారు: మడత పెట్టే బ్యాటరీ సైకిళ్లు కూడా వస్తున్నాయి కదా, అలాంటిది ఒకటి తీసుకుంటే రెండు పనులూ అయిపోయేవి కదా అని. దుకాణంలో నిలబడి ఆలోచిస్తే అది ఎంతో సబబుగా తోస్తుంది. మెట్రో స్టేషను మెట్ల కింద నిలబడి ఆలోచిస్తే అలా తోచదు. కారణం బరువు. ఈ సంగతి కొంత వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మేముండేది హైదరాబాదులోని తార్నాకలో. ఆఫీసు నానక్‌రాంగూడలో. నగరానికి ఈ కొస నుంచి ఆ కొసకు సాగే ప్రయాణమిది. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో నీలి మార్గం మా ఇంటికి దగ్గరే. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా రైళ్లు నడవడం మొదలయ్యాక నాలాంటి వారికి ఊరు సగం చిన్నదైనట్టయింది. అయితే రాయదుర్గంతో పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి ఆఫీసు గేటు దాకా ఇంకా సుమారు ఆరు కిలోమీటర్లు మిగులుతుంది. ముప్పావు గంట రైలు ప్రయాణం హాయిగా గడిచిపోతుంది గాని, ఆ ఆరు కిలోమీటర్ల దగ్గరే ఓపిక కరిగిపోతుంది. ఆటోవాళ్లతో బేరం, వస్తానని చెప్పి చివరి నిమిషంలో రద్దు చేసే బైక్ టాక్సీ, బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఎన్నిసార్లు ఎర్రదీపం పడుతుందో చెప్పలేని బస్సు: ఈ తిప్పలు ఐటీ కారిడార్‌లో పనిచేసేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. తార్నాక నుంచి మొత్తం దూరం సైకిలు మీదే వెళ్లే ఓపిక, ధైర్యం నాకు లేవు. ఆ చివరి ముక్కకు మాత్రమే సైకిలు కావాలి. అది రైల్లో నాతో రావాలి.

మడత సైకిలు పుట్టిందే ఇలాంటి అవసరం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పారాచూట్ దళాల కోసం మడిచే సైకిళ్లు చేయించింది గాని, నగరవాసి రైల్లో చంకన పెట్టుకుని వెళ్లగలిగే రూపం దానికి వచ్చింది 1970ల నుంచే. లండన్‌లో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1975లో తన ఇంట్లోనే నమూనాలు తయారు చేయడం మొదలుపెట్టి, కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ చర్చి పేరే బండికి పెట్టాడు. 16 అంగుళాల చక్రాలున్న ఆ బండిలో వెనక చక్రం ఫ్రేము కిందికి దొర్లుకుంటూ వచ్చి దాక్కుంటుంది, ముందు చక్రం పక్కకు తిరిగి దాని సరసన చేరుతుంది, హ్యాండిలు కిందికి వాలుతుంది, సీటు దిగగానే మొత్తం బిగుసుకుపోతుంది. గొలుసు రెండు చక్రాల మధ్యకు చేరుతుంది కాబట్టి బట్టలకు జిడ్డు అంటుకోదు. మరో దారి అమెరికాలో లేజర్ శాస్త్రవేత్తగా పనిచేసిన డేవిడ్ హాన్ వేసినది. చమురు సంక్షోభం చూసి సైకిలు వైపు మళ్లిన ఆయన 1982లో డాహాన్ సంస్థను మొదలుపెట్టాడు. ఫ్రేము నడుమ బందు పెట్టి బండిని పుస్తకంలా మూసే పద్ధతిని ఊరూరా పరిచయం చేసింది ఆ సంస్థే. మన దుకాణాల్లో దొరికే మడత సైకిళ్లలో ఎక్కువ భాగం ఈ రెండో పద్ధతివి. బ్రాంప్టన్ ముచ్చటైనదే గాని మన దగ్గర లక్ష రూపాయలు దాటే బండి. దాన్ని బయోడైవర్సిటీ గుంతల మీద నడపడానికి నాకు మనసొప్పలేదు.

నా బండి మడిచే క్రమం చెబుతాను, ఎందుకంటే కొనబోయేవారు చూడవలసిన భాగాలన్నీ అందులోనే బయటపడతాయి. ముందుగా గేరును చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, ఎడమ పెడల్‌ను నొక్కి పైకి మడుస్తాను. సీటు కింది లీవరు వదులు చేసి సీటును పూర్తిగా దించుతాను. హ్యాండిలు స్తంభం మొదట్లో ఉన్న గొళ్లెం విప్పితే అది పక్కకు వాలుతుంది. చివరగా ఫ్రేము నడుమ ఉన్న పెద్ద లీవరు. దానికి అడ్డంగా చిన్న రక్షణ కొక్కెం ఒకటి ఉంటుంది. దాన్ని తోస్తే తప్ప లీవరు తెరుచుకోదు, ప్రయాణంలో దానంతట అది ఊడిపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. లీవరు తెరిచి ముందు భాగాన్ని వెనక్కి తిప్పగానే ఇరుసుల దగ్గరి అయస్కాంతాలు టక్కున అతుక్కుంటాయి. అర నిమిషం పని. తిరిగి విప్పేటప్పుడు మాత్రం నేను తొందరపడను. నడిమి లీవరును మూసేటప్పుడు అరచేతికి గట్టిగా ఎదురుతన్నాలి. మెత్తగా మూసుకుపోతే లోపలి నట్టును బిగించాల్సిన సమయం వచ్చిందని అర్థం. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును ముందుకూ వెనక్కీ ఊపితే బందులో కదలిక ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మామూలు సైకిలుకు లేని ప్రమాదం మడత సైకిలుకు ఉన్నదంటే అది ఇక్కడే ఉంది. కిర్రుమనే చప్పుడు వినిపించినా రేపు చూద్దాంలే అనుకోకూడదు.

మడిచాక దాన్ని గుడ్డసంచిలో దించి భుజానికి తగిలించుకుంటాను. బండి పన్నెండున్నర కిలోలు ఉంటుంది. లిఫ్టు ఖాళీ లేకపోతే మెట్లెక్కడానికి ఇది నా శరీరానికి హద్దు. మెట్రోలో తెచ్చుకునే సామాను కొలతలకూ బరువుకూ పరిమితులుంటాయి, 20 అంగుళాల బండి మడిచాక కూడా పెద్ద సూటుకేసంత ఉంటుంది, కాబట్టి స్టేషను సిబ్బందిని ముందే అడిగి, రద్దీ లేని వేళల్లోనే తీసుకెళ్లడం మర్యాద. నేను ఉదయం ఏడు లోపే బయలుదేరతాను. చివరి పెట్టెలో మూలన, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంటాను. కొచ్చి మెట్రో 2020 నవంబరులో మడవని మామూలు సైకిళ్లను సైతం రైల్లోకి రానిచ్చింది. అలాంటి ఏర్పాటు అన్ని ఊళ్లలో ఉంటే మడత సైకిలు అమ్మేవారికి కొంచెం బేరం తగ్గేదేమో గాని తొక్కేవారికి ఎంతో సుఖంగా ఉండేది.

చిన్న చక్రాల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది: చక్రం చిన్నది కాబట్టి ఎక్కువసార్లు తొక్కాలని. అది నిజం కాదు. ముందరి పళ్లచక్రం పెద్దదిగా ఇచ్చి ఆ లోటును గేర్లలోనే పూడుస్తారు. నిజమైన తేడాలు వేరే ఉన్నాయి. చిన్న చక్రం తేలిక కాబట్టి సిగ్నలు దగ్గర ఆగి కదలడం సులువు. రెండు తొక్కులకే వేగం అందుకుంటుంది. హ్యాండిలు చురుగ్గా తిరుగుతుంది. ఒక చెయ్యి వదిలి సైగ చేయడం అలవాటయ్యేదాకా కొంత కంగారుగా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా గుంత లోతు పెరుగుతుంది. పెద్ద సైకిలుకుండే 700 మిల్లీమీటర్ల చక్రం దాటిపోయే గుంతలో 20 అంగుళాల చక్రం పూర్తిగా దిగుతుంది. వానాకాలంలో నీరు నిలిచిన చోట అడుగు ఎంత లోతో కనబడదు కాబట్టి ముందు వెళ్లే ఆటో ఎక్కడ ఎగిరిందో చూసుకుని, అక్కడ తప్పుకుని పోవడం నాకు అలవాటయింది. వెడల్పైన టైర్లు వేసుకుని, గాలి కొంచెం తక్కువగా ఉంచుకుంటే నడుముకు మేలు.

టైర్ల మాట వచ్చింది కాబట్టి దుకాణదారులు చెప్పని సంగతి ఒకటి. 20 అంగుళాలు, 16 అంగుళాలు అని రాసి ఉన్నంతమాత్రాన చక్రాలన్నీ ఒకటి కావు. టైరు మీద చిన్న అక్షరాల్లో మరో సంఖ్య ఉంటుంది. 20 అంగుళాల్లో 406 అని ఉన్నది పిల్లల సైకిళ్లకు వచ్చే కొలత; ఏ ఊళ్లో ఏ సైకిలు షాపుకు వెళ్లినా ట్యూబు దొరుకుతుంది. 451 అని ఉంటే వెతుక్కోవాలి. 16 అంగుళాల్లో బ్రాంప్టన్ తరహా బండ్లది 349, పిల్లల సైకిళ్లది 305. ఒకదాని టైరు మరోదానికి ఎక్కదు. నేను 406 ఉన్న బండినే ఎంచుకోవడానికి ఇదొక్కటే కారణం చాలు.

ఇక నాన్నగారి బండి. ఆయనకు మోకాళ్ల నొప్పి. ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిలు మీదే తిరిగిన మనిషి, స్కూటరు ఎక్కినా సైకిలు మీద మమకారం పోలేదు. తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలోకి ఐదు నిమిషాల్లో చేరిపోవచ్చు; తెల్లవారుజామున నడకకు వచ్చేవారితో ఆ దారులు కళకళలాడుతుంటాయి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు ఒక చుట్టు తిరిగి రావడం ఆయన కోరిక. అయితే హైదరాబాదంతా రాతి గుట్టల మీద కూర్చున్న ఊరు. ప్రాంగణంలోనూ పైకి కనిపించని ఎత్తుపల్లాలు అడుగడుగునా ఉన్నాయి. కారులో పోయేవాడికి సమతలంగా తోచే చోట అరవై దాటిన మోకాలు గుట్టను కనిపెడుతుంది. బ్యాటరీ సైకిలు ఆ గుట్టను తీసేసింది. మొదటి రోజు ఒక ఎత్తు ఎక్కి దిగాక ఆయన బండి ఆపి, "ఒరేయ్, ఇంతకీ తొక్కింది నేనా, ఇదా?" అని అడిగారు. "ఇద్దరూ కలిసే, నాన్నా" అన్నాను. ఆ సమాధానం ఆయనకు రుచించలేదు. ఇప్పుడు సహాయం ఒకటో అంకె మీద మాత్రమే పెట్టుకుని, మిగతాదంతా తన కష్టమేనని చెప్పుకుంటారు.

ఆయన మాటలో అర్థముంది. సైకిలుకు మోటారు ఎలా తోడవుతుందన్నది బండి బండికీ మారుతుంది. మన దగ్గర తక్కువ ధరకు వచ్చే వాటిలో పెడల్ ఇరుసు దగ్గర చిన్న అయస్కాంతాల బిళ్ల ఉంటుంది. పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే దానికి తెలుసు, ఎంత బలంగా తొక్కుతున్నామో తెలియదు. అందుకే మొదటి అర చుట్టు మనం తొక్కాక మోటారు ఒక్కసారిగా అందుకుంటుంది, ఆపాక కూడా క్షణకాలం తోస్తుంది. రెండో రకంలో తొక్కే బలాన్ని కొలిచే సెన్సరు ఉంటుంది. ఎంత తొక్కితే దానికి తగ్గట్టు సాయం వస్తుంది. 1993లో యమహా జపాన్‌లో విడుదల చేసిన తొలి సహాయక సైకిలు ఈ సూత్రం మీదే నడిచింది. తొక్కడంలోని ఆనందం పోకుండా ఉండాలంటే ఈ రెండో రకమే మేలు, ధర ఎక్కువ. మాది మొదటి రకం. మోకాళ్లు నొప్పిగా ఉన్నవారికి దానిలోనూ ఒక సౌకర్యం ఉంది: కాలు ఊరికే తిప్పితే చాలు, బలం పెట్టనక్కరలేదు. కాకపోతే మలుపుల్లో, జనం మధ్యలో అది ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది. ఆగే ముందు సహాయాన్ని సున్నాకు తేవడం నాన్నగారు పది నిమిషాల్లో నేర్చుకున్నారు. బ్రేకు లీవరు నొక్కగానే మోటారు ఆగిపోయే స్విచ్చు ఉందో లేదో కొనేటప్పుడే పరీక్షించాలి. వెనక చక్రాన్ని గాలిలోకి లేపి, మోటారు తిరుగుతుండగా బ్రేకు తాకి చూస్తే తెలుస్తుంది.

చట్టం గురించి ఇరుగుపొరుగు వారికి సందేహాలు చాలా ఉన్నాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, ధ్రువీకరణ పొందిన బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికి రాదు. లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. తొక్కుతూ మోటారు సాయం తీసుకునే సైకిలైతే, వేగం 25కు చేరేసరికి లేదా తొక్కడం ఆపగానే ఆ సాయం తెగిపోవాలి. కొన్ని దుకాణాల్లో మీటరులో ఒక అంకె మార్చి ఆ హద్దు తీసేస్తామని ఉచితంగా ఆశ చూపిస్తారు. అలా మార్చిన మరుక్షణం అది చట్టం దృష్టిలో నంబరు ప్లేటు లేని మోటారు వాహనం. ప్రమాదమేదైనా జరిగితే బీమా ఉండదు, నెపం మొత్తం మన నెత్తిన పడుతుంది. పైగా సైకిలు బ్రేకులు, సైకిలు ఫోర్కు ఆ వేగానికి చేసినవి కావు.

బ్యాటరీ లెక్క చాలా సులువు. మాది 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 360 వాట్ అవర్లు. చార్జరులో పోయేది కలుపుకున్నా ఒక నిండు చార్జికి అర యూనిటు కరెంటు చాలు, అంటే నాలుగైదు రూపాయల లోపు వ్యవహారం. పెట్రోలు లీటరు వంద దాటిన రోజుల్లో ఈ లెక్కను నాన్నగారు వచ్చినవారందరికీ చెబుతుంటారు. కంపెనీ కాగితంలో రాసే దూరం మాత్రం నున్నటి చదును రోడ్డు మీద, తేలికైన మనిషి, అతి తక్కువ సహాయంతో వెళ్లినప్పటిది. మా ఎత్తుపల్లాల్లో కిలోమీటరుకు పది పన్నెండు వాట్ అవర్లు పోతాయనుకుంటే ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. దానికి మించి ఆశించకపోతే నిరాశ ఉండదు. చార్జి అయిపోయాక అదే బండిని కాళ్లతో ఇంటికి చేర్చాలి, అప్పుడు దాని ఇరవై మూడు కిలోలు ఒక్కొక్కటిగా పలకరిస్తాయి.

లిథియం బ్యాటరీకి పెద్ద శత్రువు వేడి. మే నెలలో ఎండలో నిలిపిన బండిని తెచ్చి వెంటనే చార్జికి పెట్టకూడదు. గంటసేపు నీడలో చల్లారనివ్వాలి. నెలల తరబడి వాడకపోతే నిండా చార్జి చేసిగాని, పూర్తిగా ఖాళీ చేసిగాని ఉంచకుండా సగం దగ్గర ఉంచాలి. మేము రాత్రిపూట అందరూ నిద్రపోయాక చార్జి పెట్టం, ఇంటి గుమ్మం దగ్గర అసలే పెట్టం. ఏదైనా జరిగితే బయటికి వెళ్లే దారి మూసుకుపోకూడదు కదా. వేరే బండి చార్జరు పిన్ను సరిపోయింది కదా అని వాడటం కూడా మంచిది కాదు. వానలో తడవడం వేరు, నీళ్లలో మునగడం వేరు. ఇరుసు దాకా నీళ్లున్న రోడ్డులోకి మోటారు చక్రాన్ని దించకుండా ఆ పూట నడిపించుకుని రావడమే నయం.

పంక్చరు దగ్గర బ్యాటరీ సైకిలుకు ఉన్న చిక్కు మొదటిసారి అర్థమవుతుంది. వెనక చక్రం ఊడదీయాలంటే ఇరుసుకున్న పెద్ద నట్లు విప్పాలి, మోటారు తీగ జోడింపు తప్పించాలి, మళ్లీ అన్నీ యథాస్థానంలో కూర్చోబెట్టాలి. మా సందు చివర పంక్చర్లు వేసే పెద్దాయన అవేవీ ముట్టుకోలేదు. మీటరు గీతలు పడకుండా గోనెసంచి పరిచి బండిని తలకిందులు చేసి, రెండు పట్టీలతో టైరును ఒక పక్క మాత్రమే లేపి, ట్యూబును పేగులా బయటికి లాగారు. గాలి కొట్టి, బేసిన్‌లోని నీళ్లలో జానెడు జానెడు చొప్పున ముంచుతూ పోతే ఒకచోట బుడగలు వచ్చాయి. ఆకురాయితో అక్కడ గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా బీడీ వెలిగించుకున్నారు. అతుకు వేసి సుత్తితో రెండు దెబ్బలు వేశారు. ఆ తర్వాత టైరు లోపలి వైపంతా వేలితో తడిమి, ఇంకా గుచ్చుకునే ఉన్న తుమ్మముల్లు బయటికి తీసి నా అరచేతిలో పెట్టారు. చక్రం ఇరుసు నుంచి కదలనే లేదు. కంపెనీ సర్వీసు కేంద్రానికి ఆటోలో వేసుకెళ్లాలేమో అనుకున్న పని పావుగంటలో ముగిసింది.

ఇప్పుడు రెండూ కలిసిన బండి సంగతి. బ్యాటరీ రెండు మూడు కిలోలు, మోటారు ఇంకో రెండు మూడు కిలోలు, ఆ భారాన్ని మోయడానికి ఫ్రేమునూ బందునూ మందంగా చేయాలి, మందమైన ఫ్రేమును ఆపడానికి డిస్కు బ్రేకులు, గుంతల్ని ఓర్చుకోవడానికి లావాటి టైర్లు. ఇలా ఒకదాని వెనక ఒకటి చేరి మన దుకాణాల్లో దొరికే మడత బ్యాటరీ సైకిలు సాధారణంగా ఇరవై కిలోలు దాటుతుంది. మడిస్తే మడుస్తుంది, మడిచాక దాన్ని ఎత్తేదెవరు? చిన్న చక్రాల మీద తోసుకుపోవచ్చు అంటారు, చదునైన చోట నిజమే. రాయదుర్గంలో ఎస్కలేటరు ఆగిపోయిన రోజున ఆ మాట చెల్లదు. బ్రాంప్టన్ సంస్థ 2018లో తెచ్చిన విద్యుత్ నమూనా ఈ చిక్కును తెలివిగా పంచింది: మోటారును ముందు చక్రంలో పెట్టి, బ్యాటరీని హ్యాండిలు ముందు తగిలించే సంచిలో వేరుగా ఉంచింది. మోసేటప్పుడు ఒక చేతిలో బండి, మరో భుజాన సంచి. అయినా మొత్తం పదహారు పదిహేడు కిలోలకు తగ్గలేదు.

అలాగని ఆ రకాన్ని కొట్టిపారేయను. మడవడమంటే మోసుకెళ్లడం ఒక్కటే కాదు. ఫ్లాటులో బాల్కనీ మూలన పెట్టుకోవడానికి, కారు డిక్కీలో వేసుకుని ఊరి బయట చెరువు గట్టు దాకా వెళ్లి అక్కడ తొక్కడానికి, ఆఫీసులో బల్ల కిందికి తోయడానికి అది బాగానే ఉంటుంది. లిఫ్టు ఉన్న ఇల్లు, రైలు లేని దారి, ఎత్తులున్న రోడ్డు: ఈ మూడూ ఉన్నవారికి నేనే అదే తీసుకోమని చెబుతాను. నా దారిలో రైలుంది, మెట్లున్నాయి. రాయదుర్గం నుంచి ఆఫీసు దాకా ఉన్న ఎత్తులను గేర్లు సరిపెడతాయి. ఉదయం ఏడున్నర ఎనిమిది మధ్య ఎండ కూడా ఇంకా చురుక్కుమనదు. సాయంత్రం చెమట పట్టినా ఇంటికే కదా వెళ్లేది.

సెలవు రోజుల తొక్కుడుకు మాత్రం ఈ లెక్కలేవీ అడ్డురావు. హైదరాబాదులో సైకిలు తొక్కేవారికి 2023 అక్టోబరు 1న ఒక మంచి కానుక దొరికింది: ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఎనిమిదిన్నర కిలోమీటర్ల ముక్క ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర కిలోమీటర్ల ముక్క మరొకటి. పైకప్పు మీది ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు. కొరియాలో ఇలాంటి దారిని చూసి దీన్ని తలపెట్టారు. నాలుగున్నర మీటర్ల వెడల్పున నున్నటి నేల, తలమీద నీడ, అటువైపు నుంచి వచ్చే లారీ లేదన్న నిశ్చింత. బిగుతు దుస్తులు వేసుకున్న కుర్రాళ్లు సన్నటి టైర్ల సైకిళ్ల మీద ఈలలా దూసుకుపోతుంటే నా చిన్న చక్రాల బండి తన దారిన తాను పోతుంది. పిల్లలు మాత్రం ఆగి దాన్ని మడిచి చూపించమంటారు.

ఆ దారి మీద నాకున్న ఒకే అభ్యంతరం, అది షికారుకు పనికొచ్చినంతగా పనికి వెళ్లడానికి పనికిరాకపోవడం. వలయ రహదారి వెంట అది సాగుతుంది. మెట్రో దిగినవాడు రాయదుర్గం నుంచి నానక్‌రాంగూడ చేరడానికి మాత్రం బస్సుల మధ్య, ఫ్లైఓవర్ల కింద దారి వెతుక్కోవాలి. కప్పు లేకపోయినా సరే, ఫలకాలు లేకపోయినా సరే, మనిషి ఎత్తు కంచె ఒకటి కట్టి రెండు మీటర్ల దారి ఆ ఆరు కిలోమీటర్లకు ఇస్తే, తక్కిన 23 కిలోమీటర్ల కన్నా ఎక్కువమందికి అది రోజూ అక్కరకొస్తుంది. మడత సైకిలు ఎందుకు కొనరో అని అడిగేవారికి అసలు కారణం అక్కడ దొరుకుతుంది. బండి ధర రెండో కారణం.

షికార్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వికారాబాదు ప్రయాణం. సికింద్రాబాదులోనో లింగంపల్లిలోనో రైలెక్కి, శంకర్‌పల్లి దాటి వికారాబాదులో దిగి, అక్కడి నుంచి అనంతగిరి కొండల మీదికి తొక్కడం. రైల్లో రెండో తరగతి ప్రయాణికుడికి 35 కిలోల సామాను ఉచితం కాబట్టి బరువు పేచీ లేదు. సంచిలో ఉన్న బండిని సీటు పక్కన ఆనించి కూర్చుంటే పల్లీలు అమ్మేవాళ్లు తప్ప మరెవరూ పట్టించుకోరు. స్టేషను నుంచి అనంత పద్మనాభస్వామి గుడికి ఆరు కిలోమీటర్ల దాకా ఉంటుంది, చివర్లో అడవి మొదలై దారి మెలికలు తిరుగుతూ పైకి లేస్తుంది. మన మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. మొదటి గేరులో ఊపిరి ఎగబీలుస్తూ తొక్కి, ఒకటి రెండు మలుపుల దగ్గర దిగి నడిపించి పైకి చేరతాను. బ్యాటరీ బండి అయితే ఈ ఎక్కుడును నవ్వుతూ ఎక్కేది, నిజమే. దాన్ని రైలు పెట్టెలోకి ఎత్తి, దించి, ప్లాట్‌ఫారం మీది వంతెన ఎక్కించేసరికి ఆ నవ్వు పోయేది. దిగుడు సంగతి వేరు. చిన్న చక్రాల బండిని కొండ దిగేటప్పుడు పూర్తిగా వదిలేయకూడదు. బ్రేకు పట్టీలు చక్రం అంచును రాసి వేడెక్కుతాయి, ఒకే బ్రేకును పట్టుకుని ఉండకుండా రెండింటినీ మార్చి మార్చి నొక్కుతూ, మధ్యలో ఒకచోట ఆగి బందు బిగువు చూసుకుని దిగుతాను. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి మధ్యలో, ఆ అడవి పచ్చగా ఉన్నప్పుడు వెళ్లడం మంచిది.

విజయవాడలో ఉండే మా బావగారు ఈ మధ్య ఫోను చేసి తనకు ఏది మంచిదో చెప్పమన్నారు. ఆయనది మూడో అంతస్తు, లిఫ్టు లేదు; ఆఫీసు నాలుగు కిలోమీటర్లు, దారంతా చదునే, కాకపోతే బెజవాడ ఎండ. నేను మడవని బ్యాటరీ సైకిలు చెప్పాను, ఒక్క షరతుతో: తాళంచెవి తిప్పితే బ్యాటరీ ఊడి చేతికి రావాలి. బండిని కింద సెల్లారులో గొలుసు వేసి ఉంచి, రెండు మూడు కిలోల బ్యాటరీని మాత్రం పైకి తెచ్చుకుని చార్జి పెట్టుకోవచ్చు. ఆయన మనసు మాత్రం మడత బ్యాటరీ బండి మీదే ఉంది. దాని కాగితంలో పద్దెనిమిది కిలోలని రాసి ఉందట. "అది బ్యాటరీతోనా, లేకుండానా, బావగారూ?" అని అడిగితే కాసేపు పలకలేదు. మా అక్క అమెరికా వెళ్లేటప్పుడు పెట్టెలు తూయడానికి కొన్న కొక్కెం తూకం వాళ్లింట్లో ఉంది. ఆదివారం దాన్ని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్తామని చెప్పారు.